సారు నాకిచ్చిన మూడు పనులు

నా మొదటి పాస్‌వర్డ్ ఏమిటో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదన్న నియమం ఒకటి ఉండనే ఉంది గానీ, నన్ను ఆపింది సిగ్గే. ఆ కాలేజీ ఇప్పుడు లేదు. ఆ కంప్యూటర్లు పాత ఇనుము కింద ఎప్పుడో పోయాయి. చెబితే ఎవరికీ నష్టం లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘రచయిత్రి’ అని పెట్టుకున్నాను.

అప్పటికి నేను రాసిందల్లా డైరీ ఒక్కటే. ఒక కథ రాసింది లేదు, ఏ పత్రికకూ ఏదీ పంపింది లేదు. అయినా రోజూ పొద్దున వెనక ఎవరైనా ఉన్నారేమో చూసుకుని ఆ మాట కొట్టి లోపలికి వెళ్లేదాన్ని. ఆ కంప్యూటర్లలో పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా పడవు. ఏమీ కొట్టనట్టే ఉంటుంది. ఆ గుణం నాకు బాగా నచ్చింది.

వనపర్తిలో అదొక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. అద్దె బిల్డింగు, పై అంతస్తులో కంప్యూటర్ ల్యాబు. గద్వాలలో డిగ్రీ అయ్యాక నేను అందులో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. పిన్ని వాళ్లింట్లో ఉండేదాన్ని. ల్యాబులో అన్నీ సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లే. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేరు కొనే స్తోమత లేక వాటి మీద లినక్స్ వేశారు. మూలనున్న పెద్ద కంప్యూటరుకు మిగతావన్నీ తగిలించి ఉండేవి. విద్యార్థుల ఖాతాలు, ప్రింటరు, అన్నీ దాని చేతిలోనే.

దానికి యజమాని అనదగిన ఖాతా ఒకటి ఉంటుంది, రూట్ అంటారు. ఆ ఖాతాతో లోపలికి వెళ్లినవాళ్లు ఏమైనా చేయవచ్చు, మొత్తం తుడిచి పారేయనూవచ్చు. దాని పాస్‌వర్డ్ మా ల్యాబ్ ఇన్‌ఛార్జి సారుకు తప్ప ఎవరికీ తెలియదు. సారుకు నలభై దాటి ఉంటాయి. నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవారు. దసరా సెలవుల తర్వాత కాలేజీ తెరిస్తే చాలు, పాస్‌వర్డ్ మర్చిపోయిన పిల్లలందరూ ఆయన బల్ల ముందు వరస కట్టేవాళ్లు. ప్రింటరు ఆగినా సారే, కరెంటు పోయి పెద్ద కంప్యూటరును ఆపాలన్నా సారే. ఆయన అన్నం డబ్బా మూత తీసిన రోజుల కంటే తీయకుండానే ఇంటికి తీసుకుపోయిన రోజులు ఎక్కువ.

ఆ ఏడాది వాళ్ల అమ్మకు కళ్లలో పొర వచ్చింది. ఒక కన్ను అప్పటికే పోయినట్టే, రెండోది మసక. నాగర్‌కర్నూల్ దవాఖానలో ఆపరేషన్ చేస్తామన్నారు. కొడుకు పక్కన నిలబడితేనే కన్ను ముట్టనిస్తానని ఆవిడ పట్టు. సారు సెలవు అడిగారు, ప్రిన్సిపాల్ పరీక్షలున్నాయన్నారు. మళ్లీ అడిగారు, తనిఖీ ఉందన్నారు. మూడోసారి ప్రాక్టికల్ పరీక్షల రోజే ఆపరేషన్ తేదీ పడింది.

“ఒక్క దినమే సార్,” అన్నారు సారు, ల్యాబు తలుపు దగ్గర నిలబడి. “మా అవ్వ రోజు వాకిట్ల గల్మ మీద కూసొని అడుగుతున్నది, ఎప్పుడు పోదాం బిడ్డా అని.”

“పోండ్రి, ఎవలొద్దన్నరు?” అన్నారు ప్రిన్సిపాల్. “ఆ రూట్ పాస్‌వర్డేదో ఈ అమ్మాయికి చెప్పి పోండ్రి.”

“అది మాత్రం ఇయ్య సార్. దానికింకో ఉపాయముంది.”

ఆ సాయంత్రం పిల్లలందరూ వెళ్లిపోయాక సారు నన్ను పెద్ద కంప్యూటరు దగ్గరికి పిలిచారు. ఇంకో కుర్చీ తనే లాగి వేశారు. నేను దాని అంచున కూర్చున్నాను.

“నీ మీద నమ్మకం లేక కాదమ్మా,” అన్నారు. “తాళాల గుత్తి మొత్తం నీ చేతిల పెడితె, రేపు ఇంట్ల ఏది పోయినా నిన్నే అంటరు. వంటింటి తాళం ఒక్కటే ఇస్తె నీకు నిమ్మళం, నాకు నిమ్మళం. సమజైతుందా?”

తలూపాను.

“దీన్ని సుడో అంటరు. ముందుగాల ఆ మాట కొట్టి, ఎన్కనుంచి పని పేరు కొట్టాలె. ఆ ఒక్క పనికి నువ్వే రూట్. పని అయిపోంగనె మళ్ల మామూలు మనిషివి.”

ఒక ఫైలు తెరిచి కింద ఒక వరస రాశారు. వరస మొదట్లో నా ఖాతా పేరు. దాని తర్వాత నాకిచ్చిన పనులు. పిల్లల పాస్‌వర్డులు మార్చడం, ఇరుక్కున్న ప్రింటరును కదిలించడం, కరెంటు పోతే పెద్ద కంప్యూటరును పద్ధతిగా ఆపడం. పాస్‌వర్డులు మార్చే చోట, రూట్‌ది తప్ప అని ప్రత్యేకంగా రాసి నా వైపు తిరిగి నవ్వారు.

“గిది రాయకుంటె నువ్వు నా పాస్‌వర్డే మార్చి నన్నే బయట నిలవెడ్తవు.”

నవ్వాలని తెలుసు గానీ నాకు నవ్వు రాలేదు. తెర మీద నా పేరునే చూస్తున్నాను. అంతకుముందు ఎక్కడా నా పేరుతో ఒక వరస మొదలవడం చూడలేదు.

సారు చెప్పింది నాకు మా మగ్గం మీద నుంచి అర్థమైంది. తప్పుగా అర్థం కావడానికీ ఆ మగ్గమే కారణం అని ఇప్పుడు అనిపిస్తుంది. మా నాన్న గద్వాల చీరలు నేస్తాడు. నడుమంతా నూలు, అంచు పట్టు. నడుమ పోగు అంచు పోగుతో ముడిపడే చోట పక్కన ఇంకొకరు కూర్చుని, పట్టు పోగును అడ్డంగా లాక్కుపోయే అంచు నాడె వేయాలి. చిన్నప్పటి నుంచి ఆ పక్క చోటు నాది. అంచు నాడె వరకే నా పని. పడుగు పోగు తెగితే ముట్టుకోవడానికి లేదు, నాన్నకు చెప్పాలి. ఆ అంచు నాడె కూడా నాన్న “ఊ” అన్నాకే వేయాలి. చీర మొత్తంలో ఎన్ని పోగులుంటే అన్నిసార్లు నాన్న “ఊ” అనేవాడు, అన్నిసార్లు నా చెయ్యి కదిలేది. పని నాదే, మాట ఆయనది. పనంటే అలాగే ఉంటుందనుకున్నాను.

“ఒకసారి నా ముందట చేసి చూడు,” అన్నారు సారు. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నానో లేదో కరెంటు పోయింది. యూపీఎస్ కూతపెట్టడం మొదలుపెట్టింది. ఆయన గబగబా పెద్ద కంప్యూటరును ఆపి గడియారం చూసుకున్నారు.

“బస్సు పోతది. రేపు పొద్దుగాల నువ్వే చేసి చూడు. ఏమన్న తెల్వకుంటె ఫోన్ చెయ్యి, సరేనా?”

మళ్లీ తలూపాను. ఆ రోజు నేను ఎన్నిసార్లు తలూపానో!

మర్నాడు పొద్దున చేసి చూడలేదు. ల్యాబులో పిల్లలున్నారు, అందరి ముందూ ఆ కుర్చీలో కూర్చోవడానికి మొహం చెల్లలేదు. పరీక్ష ఆ రోజే.

బయటి కాలేజీ నుంచి పరీక్షకుడు వచ్చారు. పిల్లలు ప్రోగ్రాములు రాసి, నడిపించి, ప్రింటు తీసి ఇస్తే ఆయన వాటి మీద సంతకం పెట్టి సాయంత్రం బస్సుకు వెళ్లిపోవాలి. పదకొండు దాకా అంతా బాగానే సాగింది. తర్వాత ప్రింటరు ఆగింది. కాగితం రాకపోయేసరికి పిల్లలు ఇచ్చిందే మళ్లీ మళ్లీ ఇచ్చారు.

“అక్కా, నాది రాలే.”

“నాలుగుసార్లు ఇచ్చిన అక్కా.”

“అందుకే వస్తలేదు, పెండ్లి పత్రికలనుకున్నవా?”

“ప్రింటర్ గూడ సారెంబడి నాగర్‌కర్నూల్ పోయిందిరా బయ్!”

నవ్వులు. నేను లేచి పెద్ద కంప్యూటరు ముందు కూర్చున్నాను. సుడో అని కొట్టి, ప్రింటరును కదిలించే మాట కొట్టాను. తెర మీద వెంటనే ఇంగ్లీషులో ఒక హితబోధ వచ్చింది. మీ పెద్దలు మీకు ఈపాటికే చెప్పి ఉంటారని నమ్ముతున్నామంటూ మొదలుపెట్టి, ఎదుటివాళ్ల గుట్టును గౌరవించమనీ, కొట్టే ముందు ఆలోచించమనీ, అధికారంతో బాధ్యత కూడా వస్తుందనీ చెప్పింది. మొదటిసారి వాడేవాళ్లందరికీ అది వస్తుందని నాకు తెలియదు. నన్ను చూసే అన్నట్టనిపించింది. ఆ హితబోధ కింద ఒక్క మాట. పాస్‌వర్డ్.

ఎవరి పాస్‌వర్డ్?

నాది కాదనుకున్నాను. నాది పొద్దునే కొట్టి లోపలికి వచ్చాను కదా. ఇది రూట్ పని, రూట్ అంటే సారు, కాబట్టి అడుగుతున్నది సారు పాస్‌వర్డే. నాన్న “ఊ” అన్నట్టు, పని నాది, మాట సారుది. ఆ మాట ఆయన నాకు చెప్పనే లేదు. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కాను. తప్పు, మళ్లీ ప్రయత్నించు అంది. మళ్లీ అదే చేశాను. మూడోసారి తర్వాత ఇక అడగడం మానేసింది.

నా పాస్‌వర్డ్ ఒక్కసారి కొట్టి చూద్దామన్న ఆలోచన రాలేదా అంటే, వచ్చింది. వెనక పిల్లలు మూగి ఉన్నారు. పెద్ద అధికారం అడుగుతున్న చోట ‘రచయిత్రి’ అని కొడితే అది కూడా నవ్వుతుందేమో అన్నట్టుగా ఉంది నాకు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ప్రిన్సిపాల్ వచ్చారు. “ఏంది పరేషాన్? నిన్ను పెట్టుకున్నదెందుకమ్మా, పంకా కింద కూసునెటందుకా?” అని సారుకు ఫోను కలిపి నా చేతికిచ్చారు. ఫోనులో దవాఖాన హోరు. ఎవరో చీటీ నంబర్లు పిలుస్తున్నారు. సారు గొంతు వెనక ఒక ముసలి గొంతు, “ఎవలు బిడ్డా, ఎవలు?” అంటోంది.

“పాస్‌వర్డ్ అడుగుతున్నది సార్,” అన్నాను.

“అడుగుతది. కొట్టు మరి.”

ఏది సార్, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పరీక్షకుడు కళ్లద్దాల మీదుగా చూస్తున్నారు. పిల్లలు ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఇంత చిన్న సంగతి తెలియదా అని అందరూ అనుకుంటారు.

“కొట్టిన సార్. తీసుకుంటలేదు.”

“సరింగనే కొట్టినవా?”

“ఆఁ సార్.”

ప్రిన్సిపాల్ నా చేతిలోంచి ఫోను గుంజుకున్నారు. “అది కాదు గాని, ఆ రూట్‌దన్న చెప్పుండ్రి.” సారు అటునుంచి ఏమన్నారో వినపడలేదు. ఫోన్ల చెప్పేది కాదన్నట్టున్నారు. “అయితె మీరే రాండ్రి మరి! ఆయన సాయంత్రం పోతడు, సంతకాలు లేకుంటె పిల్లల సంవత్సరం గంగల కలుస్తది. మీ అమ్మ దగ్గర మీ తమ్ముడున్నడు కద?”

సారు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చొక్కా నలిగి ఉంది, జేబులోంచి దవాఖాన చీటీ తొంగి చూస్తోంది. నా పక్కన నిలబడి మెల్లగా అడిగారు.

“ఏం పాస్‌వర్డ్ కొట్టినవమ్మా?”

“ఏం కొట్టలే సార్.” నా గొంతు నాకే వినపడలేదు. “మీది నాకు తెల్వదు కద.”

ఆయన జేబులోని చీటీని లోపలికి నొక్కుకున్నారు. కోపం వచ్చి ఉంటే బాగుండేది.

“నాది కాదమ్మా,” అన్నారు. “నీదే. రోజు పొద్దుగాల కొడ్తవు సూడు, అదే. కూసున్నది నువ్వేనా కాదా అని అడుగుతదంతే. నాది కొట్టేటట్టుంటె గిదంత ఎందుకు?”

అని, పిల్లల్ని వెనక్కి జరగమని, తను కూడా గోడ వైపు తిరిగి నిలబడ్డారు, నేను కొట్టేది కనపడకుండా. ఆ గోడ మీద పాత క్యాలెండరు తప్ప ఏమీ లేదు. దాన్నే చూస్తూ నిలబడ్డారు. నేను ‘రచయిత్రి’ అని కొట్టాను. ఎంటర్ నొక్కాను. ప్రింటరు ఒకసారి మూలిగి కాగితం బయటికి తోసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నేను చేయాల్సిన పని అంతే. దానికోసం ఆయన దవాఖాన మంచం పక్కనుంచి లేచి వచ్చారు.

ఆయన అక్కడే నిలబడి తమ్ముడికి ఫోను చేశారు. ఇటువైపు మాటలే వినపడ్డాయి. “అయ్యిందా? ... ఏంది? ఎప్పుడు? ... మరి నువ్వేం జేస్తున్నవ్‌రా? చెయ్యి పట్టుకొని ఆపొద్దా?” ఫోను జేబులో పెట్టుకుని, ఎవరూ అడగకుండానే, ప్రిన్సిపాల్‌తో అన్నారు. “లేశి ఇంటికి పోయింది సార్, మా అవ్వ. కొడుకు లేంది కన్ను ముట్టనియ్యనన్నదంట.”

“పెద్దోళ్లు గంతే సార్,” అన్నారు ప్రిన్సిపాల్, సంతకాల కాగితాలు సర్దుకుంటూ.

ఆ రాత్రి డైరీలో ఏమీ రాయలేకపోయాను. నేను ఎవరినీ మోసం చేయలేదు, ఏదీ పాడుచేయలేదు. ఒక్క ప్రశ్న అడగలేదు, అంతే. కానీ ఆ ముసలి గొంతు “ఎవలు బిడ్డా, ఎవలు?” అన్నది మాత్రం చెవిలోంచి పోలేదు. ఆ ప్రశ్నకు జవాబు నేనే.

సారు ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. మర్నాడు మామూలుగానే వచ్చి, “బాగ చేసినవమ్మా నిన్న,” అన్నారు. అది ఎగతాళి కాదు, అందుకే భరించడం కష్టమైంది. అప్పటినుంచి పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లను నా దగ్గరికే పంపేవారు. “అక్కను అడుగుండ్రి, ఆమె మారుస్తది.” నా బల్ల ముందు వరస తయారైంది. ప్రతిసారీ సుడో అని కొట్టడం, అది అడగడం, నేను నా మాట చెప్పడం. ఒకసారి చెబితే కొద్ది నిమిషాలు నమ్ముతుంది, ఆ తర్వాత మళ్లీ అడుగుతుంది, ఉన్నది నువ్వేనా అని. అలా అడిగిన ప్రతిసారీ నా చెంపలు వేడెక్కేవి. పాస్‌వర్డ్ మార్చుకోవాలని చాలాసార్లు అనుకున్నాను, మార్చుకోలేదు. సారు గోడ వైపు తిరిగి నిలబడి మరీ కొట్టనిచ్చిన మాట కదా అది.

ఇప్పుడైనా సెలవు పెట్టి వెళ్లవచ్చు కదా, ల్యాబు నేను చూసుకుంటాను కదా అని ఆయనకు చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఆ ఎండాకాలం ఆయన ఉద్యోగం మానేసి, ఊరికి దగ్గరగా ఏదో బడిలో చేరారని తెలిసింది.

తర్వాతి చలికాలం పిన్ని వాళ్ల చుట్టాల పెళ్లికి నాగర్‌కర్నూల్ వెళ్లాను. తిరుగు బస్సు కోసం బస్టాండులో నిలబడితే సారు కనిపించారు. ఒక ముసలావిడను చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు. ఆవిడ అడుగు వేసే ముందు కాలితో నేలను తడిమి చూసుకుంటోంది. నాకు స్తంభం వెనక్కి పోవాలనిపించింది. పిన్ని నీళ్ల సీసా కోసం వెళ్లింది. సారు నన్ను చూసేశారు.

“అవ్వా, మా ల్యాబ్‌ల పనిజేసిన అమ్మాయి. గద్వాల బిడ్డ. నేను లేకున్న మొత్తం నడిపిస్తుండె.”

ఆవిడ నా వైపు కాక కొంచెం పక్కకు చూసింది. చెయ్యి చాపింది. పట్టుకున్నాను.

“అట్లనా బిడ్డా? మరి ఆ దినం ఈన్ని ఎందుకు పిలిచిండ్రు, దవాఖానకెల్లి?”

“మిషిని చెడిపోయిండెనే అవ్వా, చెప్పిన గద,” అన్నారు సారు వెంటనే. బస్సు వస్తోందేమో అన్నట్టు రోడ్డు వైపు చూస్తున్నారు. అచ్చం ఆ రోజు గోడ వైపు తిరిగినట్టే. నేను ఏం చెప్పినా తనకు కనపడనట్టు.

“మిషిని చెడిపోలే అవ్వా,” అన్నాను. చుట్టూ జనం. నా గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది. “మంచిగనే ఉండె. నాకే తెల్వలే. ఎట్ల చెయ్యాల్నో సారును అడిగెటందుకు సిగ్గైంది. అందరు చూస్తుండిరి. అడిగుంటె సారు ఆ దినం రాకపోతుండె. నీ కన్ను...”

సారు రోడ్డు వైపే చూస్తున్నారు. ఆవిడ నా వేళ్లను ఒక్కొక్కటే తడుముతోంది, ఎవరివో కనుక్కుంటున్నట్టు.

“నాడె పట్టిన చెయ్యి లెక్కుంది,” అంది కొడుకుతో. తర్వాత నాతో, “సూది చూస్తనే నా గుండె జారె బిడ్డా. వీడు పోంగనె ఇదే సందని లేశి వస్తి. ఈనికి చెప్పలే ఇన్నొద్దులు. చెప్తె నవ్వుతడని.”

అది నిజమో, నా కోసం అప్పటికప్పుడు అల్లిందో నాకు తెలియదు. సారు మొహంలోకి చూస్తే తెలిసేదేమో. చూడలేకపోయాను. వాళ్ల ఊరి బస్సు వచ్చి ఆగింది. సారు ఆవిడను మెల్లగా మెట్టు ఎక్కించారు. ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి ఆవిడ నా వైపు వంగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. నేనింకా ఏదో చెప్పాలని నోరు తెరుస్తున్నాను.

“బస్సు కదులుతున్నది బిడ్డా, చెయ్యి ఇడువు.”